పోలీసు ఖర్చు ఎవరి నెత్తిన?

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో హోంశాఖ ఇచ్చే సమాధానాలు చదవడం పదవీ విరమణ తర్వాత నాకు అబ్బిన అలవాటు. లోక్‌సభలో మంగళవారం, రాజ్యసభలో బుధవారం ఆ శాఖ వంతు. ప్రశ్నలు ఏటా ఇంచుమించు అవే. పోలీసుల ఆధునికీకరణకు రాష్ట్రాలకు ఎంత ఇచ్చారు, అందులో ఎంత ఖర్చయింది? వీసా గడువు దాటినా ఉండిపోయిన విదేశీయులు ఎందరు? మావోయిస్టు ప్రభావిత జిల్లాలు ఇంకా ఎన్ని మిగిలాయి? సమాధానాలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల పరిధిలోనివి అని మొదలై, చివర అనుబంధంగా ఒక పట్టికతో ముగుస్తాయి.

నేనుండే భిలాయ్‌లో ఆ పట్టికలు కాగితం మీదే ఆగిపోవు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి పనిచేసిన ఉక్కు కర్మాగారం గేటు దగ్గర కేంద్ర పారిశ్రామిక భద్రతాదళం కాపలా. బస్తర్ ఆపరేషన్ల కోసం సరిహద్దు భద్రతాదళం ఏ సరిహద్దూ లేని ఈ ఊళ్లో మకాం పెట్టి ఏళ్లయింది. రావ్‌ఘాట్ ఇనుప ఖనిజం కోసం దల్లీ రాజహరా నుంచి వేసిన రైలు మార్గం సాయుధ బలగాల పహరాలోనే గజం గజం ముందుకు సాగింది. 2025లో దుర్గ్ జిల్లా పోలీసులు అక్రమంగా ఉంటున్న విదేశీయుల కోసం బస్తీల్లో తనిఖీలు చేశారు. అప్పటి నుంచి మా వీధిలో ఇల్లు కడుతున్న ముర్షిదాబాద్ మేస్త్రీ ఓటరు కార్డును, ఆధార్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. తాపీ ఎంత అవసరమో ఆ సంచీ అంతే అవసరమైంది అతనికి.

2025 డిసెంబర్ 15కి సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ కన్నుమూసి 75 ఏళ్లు. ఆయన పేరు చెప్పగానే 500 పైచిలుకు సంస్థానాల విలీనం, తెలుగువారికైతే హైదరాబాద్ గుర్తొస్తాయి. నాకు మాత్రం మొదట గుర్తొచ్చేది గుజరాత్‌లోని ఒక చిన్న తాలూకాకు వచ్చిన పోలీసు బిల్లు. దేశపు తొలి హోంమంత్రి అంతకు పాతికేళ్ల ముందు పోలీసు ఖర్చు కట్టవద్దని ఊళ్లను కూడగట్టినవాడు. ఆ సంగతి తెలిస్తే తర్వాతి పటేల్ మరికాస్త బాగా అర్థమవుతాడు.

బోర్సద్ పన్ను

1875 అక్టోబర్ 31న నడియాద్‌లో పుట్టారు. సొంతూరు కరంసద్, రైతు కుటుంబం. మెట్రిక్యులేషన్ గట్టెక్కేసరికి 22 ఏళ్లు. ప్లీడరు పరీక్ష రాసి గోధ్రాలోనూ, తర్వాత బోర్సద్‌లోనూ వకీలుగా పనిచేశారు. ఆయన చేపట్టినవి ఎక్కువగా క్రిమినల్ కేసులు. పోలీసు కేసు ఎలా కడతారో, ఎక్కడ సడలుతుందో ముద్దాయి పక్షాన నిలబడి నేర్చుకున్నారు. 1909లో భార్య పోయింది. మరుసటి ఏడాది లండన్ వెళ్లి, 1913లో బారిస్టరై తిరిగొచ్చి అహ్మదాబాద్‌లో స్థిరపడ్డారు. 1917లో మునిసిపల్ సభ్యుడయ్యారు. 1918 ఖేడా రైతు ఉద్యమంతో గాంధీ వెంట నడిచారు.

బోర్సద్ తాలూకాలో ఆ రోజుల్లో బాబర్ దేవా అనే బందిపోటు హడలెత్తించేవాడు. అతన్ని పట్టుకోలేని బొంబాయి ప్రభుత్వం 1923లో అదనపు పోలీసులను దించింది. ఆ ఖర్చు సుమారు 2 లక్షల 40 వేల రూపాయలు. దాన్ని ఖజానా భరించలేదు, ప్రజల మీద వేశారు. పదహారేళ్లు దాటిన ప్రతి మనిషీ 2 రూపాయల 7 అణాలు కట్టాలి. ప్రజలు దొంగలకు సాయపడుతున్నారు కాబట్టి వాళ్లే చెల్లించాలన్నది ప్రభుత్వ వాదన. ఆనాటి పోలీసు చట్టాల్లో అందుకు వీలుంది.

పటేల్ ముందు సభలు పెట్టలేదు. విచారణ చేయించారు. ఇద్దరు నమ్మకస్తులను ఊళ్ల మీదికి పంపి వివరాలు రాబట్టారు. బాబర్ దేవాను పట్టించడానికని అధికారులే మరో దొంగకు ఆయుధాలు సమకూర్చారనీ, ఆ దొంగ వాటితో మళ్లీ దోపిడీలే చేశాడనీ తేలింది. నేరంలో ప్రభుత్వానికే చెయ్యి ఉన్నప్పుడు జరిమానా జనం ఎందుకు కట్టాలన్నది అప్పుడు ఆయన వేసిన ప్రశ్న. పన్ను నిరాకరణ మొదలైంది. జప్తు పగటిపూటే జరగాలి గనుక ఊళ్లు పగలు తలుపులు బిగించుకుని, రాత్రి లాంతర్ల వెలుగులో బజారు పెట్టుకున్నాయి. కొత్తగా వచ్చిన గవర్నరు తన హోం సభ్యుడిని బోర్సద్‌కు పంపి విచారణ జరిపించారు. 1924 ఆరంభంలో పన్ను రద్దయింది, పోలీసుల ఖర్చు ప్రభుత్వమే భరించింది. బార్డోలి, సర్దార్ అనే పిలుపు 1928లో వచ్చాయి. పోలీసులు, డబ్బు, జవాబుదారీ ఈ మూడూ ఒకే ముడి అన్న పాఠం మాత్రం బోర్సద్‌దే.

ఈ పాఠం నాకు పుస్తకంలో కనబడకముందే కొండల్లో కనబడింది. ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్ చదువులు అయ్యాక, కంపెనీ కమాండర్‌గా ఒక ఈశాన్య రాష్ట్రంలో పనిచేశాను. మా పోస్టుకు దగ్గర్లోని పోలీసు ఠాణాలో జీపు ఉండేది, డీజిల్ ఉండేది కాదు. ఎస్సై నా దగ్గరికి జెర్రీక్యాన్ పట్టుకుని వచ్చేవాడు. ఠాణా వంటకు కట్టెలు, కోళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవి. అడిగితే ఇష్టంగానే ఇస్తున్నారనేవాళ్లు. బోర్సద్ పన్నుకు రసీదైనా ఉండేది, దీనికి అదీ లేదు. ఆ ఊళ్ల నుంచి మాకు ఒక్క కబురూ ఎందుకు అందడం లేదో నాకు కొన్ని నెలలకు గానీ బోధపడలేదు. బడ్జెట్ నుంచి రాని పోలీసు ఖర్చును ఎప్పుడూ ఎవరో ఒక బీదవాడు కడుతూనే ఉంటాడు.

హోంశాఖ కుర్చీలో

1946 సెప్టెంబర్ 2న ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో పటేల్ హోం సభ్యుడయ్యారు. అప్పటికి 70 దాటాయి. తనను పదేపదే జైల్లో పెట్టిన శాఖ బల్ల మీదే ఆయన సంతకాలు పెట్టాల్సి వచ్చింది. అక్టోబర్‌లోనే రాష్ట్రాల ప్రధానులను పిలిచి మాట్లాడి, ఐసీఎస్ స్థానంలో ఐఏఎస్‌ను, ఇంపీరియల్ పోలీసు స్థానంలో ఐపీఎస్‌ను తేవడానికి ఒప్పించారు. కొందరు ఇష్టంగా, కొందరు అయిష్టంగా ఒప్పుకున్నారు.

బ్రిటిష్ అధికారులు వెళ్లిపోతున్నారు. దేశ విభజనతో మరికొందరు అధికారులు పాకిస్తాన్‌కు వెళ్లారు. మిగిలినవారిలో చాలామంది నిన్నటిదాకా కాంగ్రెస్ వాళ్లను అరెస్టు చేసినవాళ్లే. వాళ్లను పంపేయాలని సొంత పార్టీ నుంచే ఒత్తిడి. 1949లో పాత అధికారుల సర్వీసు హామీలను రాజ్యాంగంలో చేర్చడంపై సభ్యులు నిలదీసినప్పుడు పటేల్ తప్పించుకోలేదు. ఈ మనుషులు లేకపోతే దేశం నిలిచేది కాదని సూటిగా చెప్పి, ఆ నిర్ణయం బాధ్యత తన మీద వేసుకున్నారు. పదాతి దళంలో పనిచేసినవాడిగా నాకిది తెలిసిన విషయమే. పై అధికారి తన వెనక నిలబడతాడని తెలిస్తేనే కింది అధికారి చట్టం ప్రకారం నడుస్తాడు. లేకపోతే గాలి ఎటు వీస్తే అటు నడుస్తాడు.

నాగపూర్‌లో ఒక రోజు

భిలాయ్ పాఠకులకు, విశాఖ పాఠకులకు కూడా సంబంధించిన ఘట్టం ఇది. స్వాతంత్ర్యానికి ముందు బస్తర్ సంస్థానానికి రాజు నూనూగు మీసాల కుర్రవాడు. నేటి కేరళ కన్నా కాస్త పెద్దదైన నేల, దాని కింద అపారమైన ఇనుప ఖనిజం. ఆ ఖనిజాన్ని పొరుగునున్న హైదరాబాద్ ప్రభుత్వానికి దీర్ఘకాల లీజుకు కట్టబెట్టే ప్రయత్నం బ్రిటిష్ రాజకీయ శాఖ కనుసన్నల్లో నడిచింది. ఆ కబురు పటేల్ చెవిన పడింది. సంస్థానాల సంగతి వాయిదా వేస్తే ఏమవుతుందో ఆయనకు తెలియజెప్పిన ఉదంతాల్లో అదొకటి.

1947 డిసెంబర్ 14న కటక్‌లో ఒడిశా రాజులతో మాట్లాడి, 15న వి.పి. మేనన్‌తో కలిసి నాగపూర్ చేరారు. ఛత్తీస్‌గఢ్ సంస్థానాలు 14. వాటి పాలకులను కూర్చోబెట్టి చెప్పింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఇంత చిన్న రాజ్యాలు పోలీసులనూ, కోర్టులనూ, బడులనూ సొంత ఆదాయంతో నడపలేవు, ప్రజలు తిరగబడితే కాపాడే శక్తి వాటికి లేదు అన్నదే సారాంశం. సంతకాలయ్యాయి. 1948 జనవరి 1 నుంచి ఆ నేల పాలన సెంట్రల్ ప్రావిన్సెస్ చేతికి వచ్చింది. ఏడేళ్ల తర్వాత, 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో భిలాయ్ ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. బైలదిల్లా ఖనిజం ఇవాళ కొత్తవలస మీదుగా విశాఖకు వస్తున్నదన్నా, రావ్‌ఘాట్ మీద భిలాయ్ ఆశ పెట్టుకున్నదన్నా ఆ నాగపూర్ సంతకాలు దారి వేశాయి.

అయితే సంతకం రాజుది. అడవిలోని గోండు, మాడియా మనిషిని ఎవరూ అడగలేదు. పాలన పేరు మారినా అతని దగ్గరికి బడి, ఆసుపత్రి, ఠాణా ఒకేసారి చేరలేదు. చాలాచోట్ల ముందు చేరింది ఠాణాయే. బస్తర్‌లో నేటి బలగాల ఖర్చులో ఆ ఆలస్యానికి కడుతున్న వడ్డీ కూడా ఉంది.

నిలదీతకు నిలబడి

1948 జనవరి 20న బిర్లా హౌస్ ప్రార్థన సభ దగ్గర బాంబు పేలింది. పది రోజుల తర్వాత అక్కడే గాంధీ హత్య జరిగింది. సభకు వచ్చేవాళ్లను సోదా చేయడానికి గాంధీ ఒప్పుకోలేదన్నది నిజం. బాంబు పేలాక దొరికిన మనిషి నుంచి తెలిసిన ఆనవాళ్లతో కుట్రదారులను పట్టుకోలేకపోయారన్నదీ నిజం. వేళ్లన్నీ హోంమంత్రి వైపు తిరిగాయి. పటేల్ చట్టసభలో నిలబడి బందోబస్తు వివరాలు చెప్పుకోవలసి వచ్చింది. నెహ్రూకు రాజీనామా ఇవ్వడానికి సిద్ధపడ్డారు, ఆయన వద్దన్నారు. మార్చి 5న గుండెపోటు వచ్చింది. అంతటి వ్యక్తిగత దుఃఖంలో ఉన్న మనిషిని అలా నిలదీయడం క్రూరమని అప్పట్లో అనుకున్నవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ప్రశ్న అడగడం సభ పని. జవాబివ్వడం ఆయన పని. ఇద్దరూ తమ పని చేశారు.

ఎవరు మనవాళ్లు?

వలస నిబంధనల కథా అప్పుడే మొదలైంది. ఆయన హోం సభ్యుడిగా ఉండగా, 1946 నవంబర్ 23న విదేశీయుల చట్టం వచ్చింది. యుద్ధకాలపు చట్టానికి అది వారసురాలు. తాను విదేశీయుడిని కానని నిరూపించుకోవలసిన భారం ఆ మనిషి మీదే ఉంచింది. చట్టం వచ్చిన తొమ్మిది నెలలకే దేశం రెండైంది. నిన్నటి ఇరుగుపొరుగు రాత్రికి రాత్రి రెండు దేశాలవాళ్లయ్యారు.

1948 జూలై 19 నుంచి పశ్చిమ పాకిస్తాన్ నుంచి రావాలంటే పర్మిట్ తప్పనిసరి అయింది. ఆ తేదీ మన రాజ్యాంగంలోని ఆరో అధికరణంలో ఇవాళ్టికీ ఉంది. శిబిరాలు శరణార్థులతో కిక్కిరిసి ఉన్నాయి, వెళ్లినవాళ్ల ఇళ్లలో వచ్చినవాళ్లను దింపారు. ఆ స్థితిలో ప్రభుత్వానికి మరో దారి కనబడలేదు. కానీ అల్లర్లకు భయపడి నాలుగు నెలలు తలదాచుకోవడానికి వెళ్లి, మళ్లీ ఇంటికి రావాలనుకున్న ముస్లిం కుటుంబాలకు అదే పర్మిట్ శాశ్వతంగా తలుపు మూసింది. తూర్పు సరిహద్దులో ఈ పర్మిట్ పెట్టలేదు. 1950 మార్చిలో అస్సాం కోసం వేరే చట్టం తెచ్చి, పాకిస్తాన్‌లో అల్లర్ల వల్ల నిర్వాసితులై వచ్చినవారిని దాని నుంచి మినహాయించారు. ఆ ఏప్రిల్‌లో నెహ్రూ, లియాకత్ అలీ ఖాన్‌లు అల్పసంఖ్యాకుల రక్షణపై ఒప్పందం చేసుకున్నప్పుడు పటేల్‌కు దాని మీద పెద్ద నమ్మకం లేదు. అయినా సంతకమయ్యాక కలకత్తా వెళ్లి, కోపంతో ఉన్న బెంగాల్‌కు నచ్చజెప్పారు. ప్రభుత్వం ఇచ్చిన మాట తన మాటేనన్నది ఆయన లెక్క.

1946 చట్టం దాదాపు 79 ఏళ్లు బతికింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి దాని స్థానంలో వలసలు, విదేశీయుల చట్టం 2025 అమలులోకి వచ్చింది. పాత నాలుగు చట్టాలు ఒక్కటయ్యాయి. నిరూపణ భారం మాత్రం మారలేదు. నా చిన్నప్పుడు భిలాయ్ బజార్లలో రష్యన్ ఇంజినీర్ల కుటుంబాలు కూరగాయలు బేరమాడేవి. వాళ్ల పేర్లూ విదేశీయుల రిజిస్టర్లో ఎక్కేవి, ఎవరికీ బెంగ ఉండేది కాదు. వాళ్ల దగ్గర పాస్‌పోర్టు ఉంది, వెనక ఒక దేశం ఉంది. భారం నిజంగా పడేది కాగితం లేని బీదవాడి మీద, యాస తేడాగా ఉన్న మేస్త్రీ మీద. దేశం తన సరిహద్దును కాపాడుకోవాల్సిందే. జీవితంలో సగం ఆ పనిలోనే గడిపినవాణ్ణి. కానీ పొరపాటున పట్టుకున్న మనిషికి ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబు చెబుతారన్నది కూడా భద్రతలో భాగమే.

హైదరాబాద్: ఇచ్చిన జవాబు, ఇవ్వని జవాబు

1948 సెప్టెంబర్ 13న మొదలై 17న ముగిసిన హైదరాబాద్ సైనిక చర్యకు పోలీసు చర్య అని పేరు పెట్టారు. ముందుకు నడిచింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలోని ట్యాంకులు. నిజాం ప్రభుత్వం అప్పటికే ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి తలుపు తట్టింది. ఇది ఇంటి వ్యవహారమని ప్రపంచానికి చెప్పడానికి ఆ పేరు అవసరమైంది. రజాకార్ల దాడులకు తెలంగాణ పల్లెలు తల్లడిల్లుతున్నాయి. భైరాన్‌పల్లి వంటి ఊళ్ల గాయం ఇంకా పచ్చిగా ఉంది. ఇంకా ఆగుదామన్న మాటను పటేల్ వినలేదు. ఆ నిర్ణయం సరైనదేనని సైనికుడిగా నా అభిప్రాయం.

మా మామగారిది జనగామ వైపు. రజాకార్ల భయంతో చిన్నతనంలో బెజవాడకు పారిపోయిన కుటుంబం. తిరిగొచ్చేసరికి, తనతో గోళీలాడిన దూదేకుల పిల్లవాడి ఇల్లు ఖాళీగా ఉందని చెప్పేవారు. రెండు భయాలనూ ఆయన ఒకే గొంతుతో చెప్పేవారు. సైనిక చర్య తర్వాత ముస్లింలపై జరిగిన ప్రతీకార హింసను పరిశీలించడానికి నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. పటేల్ ఆ నివేదికను అంగీకరించలేదు. అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 1949 ఫిబ్రవరిలో బేగంపేటలో నిజాం చేతులు జోడించి ఆయనకు స్వాగతం పలికిన ఫొటో అందరూ చూశారు. ఆ నివేదిక చూసినవాళ్లు కొద్దిమందే. బోర్సద్‌లో ప్రభుత్వం దాచిన నిజాన్ని తవ్వి తీసిన మనిషి, హైదరాబాద్ విషయంలో తన ప్రభుత్వం నిజాన్ని సభ ముందు పెట్టలేదు. ఆయన పట్ల ఎంత గౌరవమున్నా ఈ మాట దాటవేయలేను. జవాబు రాని చోట పుకారు జవాబవుతుంది. ఏటా సెప్టెంబర్ 17ను ఏ పేరుతో పిలవాలన్న తగాదా అక్కడి నుంచే వస్తోంది.

చివరి రెండేళ్లు

1939లో నీమచ్‌లో ఒక్క బెటాలియన్‌తో పుట్టిన రాజప్రతినిధి పోలీసు దళాన్ని రద్దు చేయకుండా నిలబెట్టారు. 1949 డిసెంబర్ 28 చట్టంతో అది కేంద్ర రిజర్వు పోలీసు దళమైంది. 1950 మార్చి 19న నీమచ్ వెళ్లి దానికి పతాకం అందజేశారు. అదే దళం ఇవాళ 3 లక్షలు దాటింది. దాని జీతం కేంద్ర బడ్జెట్ నుంచి వస్తుంది, పార్లమెంటు ఓటు వేశాకే వస్తుంది. బోర్సద్ ప్రశ్నకు చట్టబద్ధమైన జవాబు అదే.

1950 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ చట్టం తెచ్చారు. రాజ్యాంగం అమలులోకి వచ్చి నెల తిరిగిందంతే. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతున్న కాలం, ప్రధానంగా కమ్యూనిస్టుల మీదే దాని గురి. ఈ బిల్లు తేవడానికి ముందు తనకు నిద్ర పట్టలేదని ఆయన సభకు చెప్పుకున్నారు. దాని ఆయువు ఒక్క ఏడాదికే పరిమితం చేశారు. తర్వాతి ప్రభుత్వాలు దాన్ని పొడిగిస్తూ 1969 దాకా లాగాయి. నిద్ర పట్టకపోవడం ఆయనతోనే పోయింది, చట్టం మిగిలింది.

1950 డిసెంబర్ 15న బొంబాయిలో పటేల్ కన్నుమూశారు. నాగపూర్‌లో ఛత్తీస్‌గఢ్ రాజులు సంతకాలు చేసి ఆ రోజుకు సరిగ్గా మూడేళ్లు.

పోలీసు ఆధునికీకరణ గొడుగు పథకానికి కేంద్రం 2021-26 కాలానికి 26,275 కోట్లు కేటాయించింది. చిన్న మొత్తం కాదు. అది ఏ ఠాణాకు డీజిల్‌గా చేరిందో, ఏ ఊరి కోడిని కాపాడిందో అనుబంధ పట్టికలో ఉండదు. విదేశీయుల లెక్కలు చెప్పేటప్పుడు, పొరపాటున పట్టుకుని వదిలేసినవారి సంఖ్య కూడా అడగాల్సిన ఎంపీలు అడగాలి. బస్తర్‌లో బలగాలు ఎప్పటికి వెనక్కి వస్తాయో, వాటి శిబిరాలున్న చోట తర్వాత ఏముంటుందో హోంశాఖ చెప్పాలి. రాష్ట్రాల పరిధి అన్న మొదటి వాక్యం రాజ్యాంగం రీత్యా సరైనదే. అక్కడితో ఆగిపోతే మాత్రం అది జవాబు కాదు.

నిన్న సాయంత్రం మేస్త్రీ గోడ పని ముగించి చేతులు కడుక్కుంటుంటే, తనిఖీకి మళ్లీ ఎవరైనా వచ్చారా అని అడిగాను. రాలేదన్నాడు. మరి ఆ సంచీ ఇంట్లో పెట్టి రావచ్చు కదా అంటే, నవ్వి జేబు తడుముకున్నాడు.

(రచయిత విశ్రాంత సైనికాధికారి, భిలాయ్)